వంట కోర్సులో సమాజ సేవ: విద్యార్థులు నిజంగా నేర్చుకుంటారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ టెక్నికల్ కాలేజీలో వంట కోర్సు విద్యార్థులు వారానికి ఒక రోజు వృద్ధాశ్రమానికి, నిరాశ్రయుల వసతి గృహానికి భోజనం వండి పెట్టాలని, దాన్ని కోర్సులో భాగంగా లెక్కించాలని యాజమాన్యం ప్రతిపాదించింది. ఆ కోర్సు బోధించే మీకు రెండు సందేహాలు. దీనివల్ల విద్యార్థులు నిజంగా వంట నేర్చుకుంటారా, లేక ప్రాక్టికల్ గంటలు పోయి, వాళ్ల చేత ఉచిత శ్రమ చేయించుకున్న కాలేజీకి మంచి పేరు మాత్రం మిగులుతుందా? చేయదలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేర్చుకుంటారు. తరగతి వంటగదిలో మనం ఎంత శ్రమపడినా నేర్పలేని కొన్ని విషయాలు అక్కడే వంటబడతాయి. అయితే దానికి ఒక షరతు ఉంది. ఆ రోజు ఏం వండాలన్నది మీ పాఠం, తినేవాళ్ల అవసరం కలిసి నిర్ణయించాలి. ఏ నైపుణ్యం నేర్పబోతున్నారో ముందుగా కాగితం మీద పెట్టకుండా ‘వెళ్లి సాయం చేసి రండి’ అని పంపితే కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం, వడ్డించడం తప్ప మరేమీ జరగదు. ఆ పనుల్లో తక్కువతనం ఏమీ లేదు. కానీ వాటికోసం విద్యార్థి ఫీజు కట్టి కోర్సులో చేరలేదు. నేను చాలా ఏళ్లుగా వంట శిక్షణ ఇస్తున్నాను, అందులో ఎక్కువ కాలం సేవా వంటశాలలతో కలిసి పనిచేశాను. కింద రాసినదంతా ఆ అనుభవంతోనే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1896లో అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ షికాగో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రయోగశాల పాఠశాలలో పిల్లలు వంట చేసేవారు, బట్ట నేసేవారు, చెక్కపని చేసేవారు. లెక్కలు, రసాయన శాస్త్రం ఆ పనుల్లోంచే నేర్చుకునేవారు. అదే డ్యూయీ 1938లో ఒక హెచ్చరిక కూడా చేశారు: ప్రతి అనుభవమూ చదువు కాదు, కొన్ని అనుభవాలు నేర్చుకునే దారినే మూసేస్తాయి. మీ మొదటి సందేహానికి మూలం సరిగ్గా అదే. మన రంగంలో ఈ రెండూ చక్కగా కుదిరిన ఉదాహరణ కావాలంటే 1989లో రాబర్ట్ ఎగ్గర్ వాషింగ్టన్‌లో ప్రారంభించిన డీసీ సెంట్రల్ కిచెన్‌ను చూడండి. హోటళ్లలో, విందుల్లో మిగిలిపోయిన మంచి ఆహారాన్ని సేకరించి వసతి గృహాలకు పంపడంతోపాటు, ఉపాధి దొరకని వాళ్లకు అదే వంటశాలలో వంట పనిలో శిక్షణ ఇచ్చారు. అన్నార్తుల కోసం వండే వంటే అక్కడ పాఠం.

ఇక సేవా వంటశాల నేర్పేది ఏమిటో చెబుతాను. మొదటిది పరిమాణం. తరగతిలో మనం నలుగురికి సరిపడా వండిస్తాం. అదే వంటకాన్ని నూరుమందికి చేయమంటే విద్యార్థి అన్నింటినీ 25తో గుణిస్తాడు, నీళ్లతో సహా. సూప్ పల్చగా నీళ్లలా తయారవుతుంది. ఎందుకంటే ఆవిరైపోయే నీరు పాత్ర మూతి వైశాల్యాన్ని, మంటను, ఉడికే సమయాన్ని బట్టి ఉంటుంది. సరుకు 25 రెట్లు పెరిగినంత మాత్రాన పాత్ర మూతి 25 రెట్లు పెరగదు. వేయించడంలోనూ ఇంతే. వెడల్పు సరిపోని పాత్రలో కూరగాయలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే వాటి నీరు బయటికి వచ్చి, ఆ నీరు ఇంకేదాకా ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగి రుచి రావాలంటే పైభాగం సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఈ మాట తరగతిలో నల్లబల్ల మీద రాసి చెబితే తల ఊపుతారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు నూరుమంది బల్లల దగ్గర కూర్చుంటారని తెలిసినప్పుడు, తన పాత్రలో ముక్కలు వేగకుండా ఉడుకుతున్నాయని గమనించిన విద్యార్థికి మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు.

రెండోది సరుకు. తరగతిలో మనం రాసిచ్చిన జాబితా ప్రకారం అన్నీ వస్తాయి. సేవా వంటశాలకు దానంగా వచ్చేది వస్తుంది. ఒక రోజు క్యాబేజీ గుట్టలుగా, ఇంకో రోజు మెత్తబడుతున్న టమాటాలు. ఉన్నదాన్ని చూసి వంటకం నిర్ణయించడం, ముందు పాడయ్యేదాన్ని ముందు వాడటం, కొన్న బరువుకూ శుభ్రం చేశాక మిగిలిన బరువుకూ తేడా లెక్క కట్టడం అప్పుడు అలవాటవుతాయి. ఆ తేడా లెక్కనే మేం ‘యీల్డ్’ అంటాం. పది కిలోల కూరగాయ తొక్క తీసి తరిగాక ఎనిమిది కిలోలు మిగిలితే యీల్డ్ 80 శాతం. పరీక్షలో ఈ సూత్రాన్ని తప్పు రాసే విద్యార్థులు కూడా నాలుగైదు వారాల సేవ తర్వాత బస్తాను చూసి ఎంత మిగులుతుందో దాదాపుగా చెప్పేస్తారు.

మూడోది ఆహార భద్రత. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సేవా వంటలో అసలు ప్రమాదం పొయ్యి మీద ఉండదు, పొయ్యి మీంచి దించాక మొదలవుతుంది. సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పెద్ద పాత్రల్లో వండే మాంసం వంటకాలకు, చిక్కటి గ్రేవీలకు పట్టే క్రిమి క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. గట్టి పొరతో ఉండే దాని బీజాలు (స్పోర్లు) మరిగే నీటిలో కూడా చావవు. వంటకం నెమ్మదిగా చల్లారుతూ 43 నుంచి 47 డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు ఆ క్రిమి పది నిమిషాలకో అంతకన్నా ముందో రెట్టింపవుతుంది. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి మరో రకం చిక్కు తెస్తుంది. అది అన్నంలో వదిలే వాంతులు కలిగించే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ‘మళ్లీ మరిగిస్తే సరిపోతుంది’ అన్న నమ్మకం విద్యార్థుల్లో చాలా లోతుగా ఉంటుంది. మొదట దాన్ని తీసేయాలి.

అమెరికా ఆహార నియమావళి చల్లార్చడానికి రెండు మెట్లు చెబుతుంది: 57 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో. మీ దేశపు నియమాల్లో అంకెలు కొంచెం వేరుగా ఉండవచ్చు, మీరు వాటినే పాటించాలి. దీన్ని నేను ఇలా నేర్పుతాను. ఒకే సూప్‌ను సగం లోతైన పాత్రలో ఉంచుతాం, సగం అయిదు సెంటీమీటర్లకు మించని లోతుతో వెడల్పాటి ట్రేలలో పోస్తాం. రెండింటిలోనూ నడిమధ్యన థర్మామీటర్ పెట్టి, ప్రతి పావుగంటకూ విద్యార్థులే అంకె రాస్తారు. ట్రేలలోది చకచకా దిగిపోతుంది. లోతైన పాత్రలో పైన ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంటుంది, నడుమ మాత్రం గంటల తరబడి వేడి నిలిచి ఉంటుంది. ఆ రెండు గీతలను ఒకే కాగితం మీద గీసి చూపినప్పుడు గది నిశ్శబ్దమైపోతుంది. మర్నాడు ఆ సూప్ తాగబోయేది ఎనభై ఏళ్ల మనిషి అని వాళ్లకు తెలుసు మరి. థర్మామీటర్‌ను నమ్మే ముందు ఐసు ముక్కలు నిండుగా ఉన్న నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో పరీక్షించడం కూడా వాళ్ల పనే.

ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి, ఆ చోట కొలిచి రాసుకునే పద్ధతిని హెచ్ఏసీసీపీ అంటారు. 1960లలో అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం పిల్స్‌బరీ సంస్థ, నాసా, అమెరికా సైనిక ప్రయోగశాలలు కలిసి రూపొందించిన పద్ధతి ఇది. ఏడు సూత్రాలను కంఠస్థం చేయించే పాఠంగా మిగిలిపోవడం దీనికి పట్టిన దురదృష్టం. సేవా వంటశాలలో విద్యార్థి తన చేతులతో రాసిన ఉష్ణోగ్రతల పట్టికే ఆ పాఠం.

వృద్ధాశ్రమంతో కలిసి పనిచేస్తామంటున్నారు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. అక్కడ మింగడం కష్టమైన వాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల ఆహారం ఎంత మెత్తగా, ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. సున్నా నుంచి ఏడు దాకా స్థాయిలు, సున్నా అంటే పల్చటి ద్రవం, ఏడు అంటే మామూలు ఆహారం. పరీక్షలకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ద్రవాన్ని పది మిల్లీలీటర్ల సిరంజిలో నింపి, పది సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూస్తారు. నాలుగో స్థాయి గుజ్జును చెంచాలో తీసుకుని వంచితే ఒకే ముద్దగా జారిపోవాలి, చెంచాకు అతుక్కోకూడదు. అయిదో స్థాయిలో పెద్దవాళ్లకు ముక్క వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. ఫోర్కు పళ్ల మధ్య సందు దాదాపు అంతే ఉంటుంది కాబట్టి ఫోర్కుతోనే కొలుస్తారు.

నా విద్యార్థుల్లో ఒకడికి కత్తి పనిలో తరగతి మొత్తంలో సాటి లేదు. వృద్ధాశ్రమం కోసం గుజ్జులు చేసే రోజున క్యారట్ గుజ్జు చేశాడు. చూడటానికి ముచ్చటగా ఉంది, అయిదు నిమిషాలకు పళ్లెం అంచున నీరు ఊరింది. గుజ్జు వేరు, నీరు వేరు. మింగడం కష్టమైన మనిషికి అలా విడిపోయే నీరు గొంతులో తప్పుదారి పట్టవచ్చు. తర్వాత బంగాళాదుంపను బ్లెండర్‌లో తిప్పాడు. పిండికణాలు పగిలి బంకలా సాగింది, చెంచా వంచితే కదల్లేదు. అదీ ప్రమాదమే. చివరికి బంగాళాదుంపను వేడిగా ఉండగానే జల్లెడలో నొక్కి తీసి, క్యారట్ గుజ్జులో కలిపాడు. క్యారట్ వదిలే నీటిని దుంపలోని పిండిపదార్థం పట్టి ఉంచింది, చెంచా నుంచి ఒకే ముద్దగా జారింది. పిండిపదార్థం స్వభావం గురించి నేను ఇచ్చే ఉపన్యాసం కంటే ఆ పూట అతనికి ఎక్కువ చెప్పింది. అయితే ఎవరికి ఏ స్థాయి ఆహారం అన్నది వైద్యులో, మింగుడు సమస్యలు చూసే నిపుణులో రాసివ్వాలి. విద్యార్థి గానీ మీరు గానీ అంచనాతో నిర్ణయించకూడదు.

మీది టెక్నికల్ కాలేజీ కాబట్టి మీకు మరో వెసులుబాటు ఉంది, దాన్ని వదులుకోవద్దు. వంట కోర్సును ఒంటరిగా పంపకండి. శీతలీకరణ కోర్సు విద్యార్థులను కూడా తీసుకెళ్లండి. సేవా సంస్థల దగ్గర ఉండే ఫ్రిజ్‌లు చాలావరకు ఎవరో ఇచ్చిన పాతవే. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే, అది తేలిగ్గా వచ్చేసిందంటే గాస్కెట్, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, పట్టడం లేదని అర్థం. వెనుక వేడిని బయటికి వదిలే కండెన్సర్ కాయిల్ మీద దుమ్ము పేరుకుంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, లోపల మాత్రం చల్లబడదు. ఒకసారి మా వంట విద్యార్థులు రాసిన ఉష్ణోగ్రతల పట్టికలో ఒక ఫ్రిజ్ ఏ రోజూ తొమ్మిది డిగ్రీల కిందికి దిగలేదు. ఆ కాగితం పట్టుకుని శీతలీకరణ విద్యార్థులు వెళ్లి కాయిల్ శుభ్రం చేసి, గాస్కెట్ మార్చారు. తర్వాతి వారం పట్టికలో నాలుగు డిగ్రీలు కనిపించింది. రెండు కోర్సుల వాళ్లకూ తమ పని విలువ ఒకే కాగితం మీద తెలిసింది. విద్యుత్ కోర్సు వాళ్లు వంటగది వైరింగ్, ఎర్తింగ్ తనిఖీ చేయవచ్చు, వెల్డింగ్ వాళ్లు ట్రేలు పెట్టుకునే స్టాండ్లు చేయవచ్చు. అనుమతులు, అధ్యాపకుల పర్యవేక్షణ మాత్రం తప్పనిసరి.

ఇక మీకు బాధ కలిగించే ‘ఉచిత శ్రమ’ సంగతి. ఇది న్యాయమైన భయం. దీన్ని తప్పించడానికి నేను పట్టుబట్టి పాటించేవి కొన్ని ఉన్నాయి.

గంటలకు మార్కులు ఇవ్వకండి, నేర్చుకున్నదానికి ఇవ్వండి. ‘నలభై గంటలు సేవ చేస్తే పది మార్కులు’ అని పెడితే విద్యార్థి గడియారం చూస్తాడు. పనికి ముందు రాసిన తయారీ జాబితా, ఉష్ణోగ్రతల పట్టిక, యీల్డ్ లెక్క, పళ్లేల్లో వెనక్కి వచ్చిన ఆహారంపై గమనిక: ఈ నాలుగింటిని దిద్దండి. పని అయిన రోజే పది నిమిషాలు కూర్చోబెట్టి రాయించండి. మర్నాటికి వాయిదా వేస్తే ‘సేవ చేసినందుకు చాలా సంతోషంగా అనిపించింది’ అని రాసి ఇస్తారు. ఆ సంతోషం నిజమే, కానీ అందులో మీరు దిద్దడానికి ఏమీ ఉండదు. నేను అడిగేవి మూడే: ఈ రోజు అనుకున్నట్టు జరగనిది ఏది, దానికి కారణం ఏమిటి, వచ్చే వారం ఏం మారుస్తావు. అమెరికా విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో వివరించిన అనుభవ వలయం కూడా ఇదే చెబుతుంది. చేయడం, వెనక్కి తిరిగి చూడటం, సూత్రం పట్టుకోవడం, మళ్లీ చేసి చూడటం. సేవా కార్యక్రమాలు చాలావరకు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. అందుకే ఏడాది చివర విద్యార్థికి అలసట మిగులుతుంది.

తినేవాళ్లను అడగండి. అమెరికా విద్యావేత్త రాబర్ట్ సిగ్మన్ 1979లో సేవ ద్వారా చదువుకు మూడు సూత్రాలు చెప్పారు. వాటిలో మొదటిది, సేవ ఎలా ఉండాలన్నది దాన్ని అందుకునేవాళ్ల చేతిలో ఉండాలని. వంటలో ఇది చాలా సూటిగా వర్తిస్తుంది. వసతి గృహంలో ఒకాయన ప్రతి వారం పళ్లెంలో పచ్చి కూరగాయలు వదిలేసేవారు. ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని విద్యార్థులు అనుకున్నారు. ఒక అమ్మాయి పక్కన కూర్చుని మాట్లాడితే తెలిసింది, ఆయనకు దంతాలు సరిగా లేవు. మరుసటి వారం అవే కూరగాయలను మెత్తగా ఆవిరి మీద ఉడికించి పెట్టింది, పళ్లెం ఖాళీ అయింది. వెనక్కి వచ్చిన పళ్లెం చూసి తినేవాడిని తప్పుపట్టకుండా వంటను ప్రశ్నించుకోవడం వృత్తిలో పైకి వచ్చే వంటవాళ్లకు ఉండాల్సిన గుణం. తరగతిలో మన వంట మనమే రుచి చూసుకుంటూ ఉంటే అది రాదు.

ఇదే కారణంతో ఫొటోల విషయంలో గట్టిగా ఉండండి. తింటున్నవాళ్ల ముఖాలు కాలేజీ ప్రచారంలోకి వెళ్లకూడదు. యాజమాన్యం అడిగితే విద్యార్థుల చేతులు, వంటపాత్రలు ఫొటో తీసుకోమనండి.

సేవ నేర్పలేనివి కూడా ఉన్నాయి. ఆర్డర్ రాగానే ఒక్క పళ్లెం వేడివేడిగా వండి పంపడం, అలంకరణ, సున్నితమైన పేస్ట్రీ పని అక్కడ రావు. కాబట్టి ప్రాక్టికల్ గంటల్లో పావు వంతుకు మించి సేవకు ఇవ్వవద్దని నా అభిప్రాయం. మొదటి సెమిస్టర్ విద్యార్థులను అసలు పంపకండి. కత్తి పట్టడం, చేతుల శుభ్రత, పచ్చి మాంసానికీ వండిన ఆహారానికీ బోర్డులు వేరుగా ఉంచడం చేతికి అలవాటు కావాలి. ఆ తర్వాతే ఇతరుల కోసం వండాలి. విరేచనాలు, వాంతులు అయిన విద్యార్థి పూర్తిగా తగ్గాక కూడా 48 గంటలు వంటగదిలోకి రాకూడదు. ‘సేవ మానేశాడు’ అని మార్కులు తగ్గుతాయని భయపడి జబ్బుతో వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి, ఆ రోజుకు మార్కులు పోవని ముందే రాతపూర్వకంగా చెప్పండి. అలర్జీల పట్టిక గోడ మీద ఉండాలి, వంటకంలో ఒక్క పదార్థం మారినా ఆ పట్టిక మారాలి. అవతలి సంస్థలో జీతానికి పనిచేసే వంటవాళ్లు ఉంటే, మీ విద్యార్థుల వల్ల వాళ్ల పని పోదని మొదటి సమావేశంలోనే ఒప్పందం రాసుకోండి. ఇది మర్చిపోతే వాళ్లు మీ విద్యార్థులకు ఏమీ నేర్పరు. వాళ్లను తప్పుపట్టలేం.

మొదలుపెట్టడం గురించి. ముందు మెనూ రాసుకుని వెళ్లకండి. మీరొక్కరే ఒక పూట అక్కడికి వెళ్లి, వాళ్లతో కూర్చుని తినండి. ఎంతమంది, ఏ సమయానికి తింటారు, ఏం వదిలేస్తున్నారు, పొయ్యిలు ఎన్ని, చల్లబెట్టే చోటు ఎంత, ఆహారాన్ని తీసుకెళ్లే దూరం ఎంత అన్నవి చూడండి. తర్వాత మీ సిలబస్ పక్కన పెట్టుకుని ఆ సెమిస్టర్ నైపుణ్యాల్లో ఏవి అక్కడ కుదురుతాయో గుర్తించండి. మొదటి నెల పూర్తి భోజనం జోలికి పోవద్దు. ఒక్క వంటకం చాలు, మిగతాది వాళ్ల వంటవాళ్లే చేస్తారు. ఆ ఒక్క వంటకాన్ని అదే పరిమాణంలో కాలేజీ వంటగదిలో ముందుగా వండించండి, వేడి నిలిపే డబ్బాల్లో పెట్టించి, ప్రయాణానికి పట్టే సమయమంతా ఉంచి, మూత తీసి ఉష్ణోగ్రత చూడండి. 60 డిగ్రీల కింద ఉంటే ఆ వంటకం లేదా ఆ డబ్బా మార్చాల్సిందే. విద్యార్థులను చిన్న జట్లుగా విడదీసి, జట్టు నాయకత్వం వారం వారం మార్చండి. పరీక్షల్లో వెనుకబడే కొందరు ఇక్కడ పదిమందిని నడిపించగలరని మీకు తెలిసేది అప్పుడే. అలాంటి ఒక విద్యార్థిని తర్వాత రాత పరీక్షలకు కూడా ధైర్యంగా కూర్చోవడం చూశాను.

మీ కాలేజీ వంటగదిలో ఒకేసారి ఎన్ని లీటర్లు చల్లార్చగలరో, అవతలి సంస్థలో ఎంతమందికి వండాలో, మీది ఎన్ని సెమిస్టర్ల కోర్సో ఇక్కడ రాస్తే, మొదటి ఎనిమిది వారాలకు వంటకాలు, వాటితో నేర్పదగిన నైపుణ్యాలు జత చేసిన పట్టిక తయారు చేసి పెడతాను.